బటన్ నొక్కితే మౌనం

విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్ మొరాయిస్తే చాలామంది ముందు పర్సు తీస్తారు. తీయాల్సింది కేబినెట్ తలుపు. ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో యంత్రమే చెబుతుంది.

ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి. కేబినెట్ లోపల ఎర్రటి, నీలి దీపాలు పెళ్లిపందిరిలా వెలుగుతాయి. తెర మీద మాత్రం చిమ్మచీకటి. నెలల తరబడి ధరలు పోల్చి చూసి, నాలుగైదు దుకాణాలు తిరిగి, ఒక్కొక్క భాగమే కొని తెచ్చి, ఆదివారమంతా నేల మీద కూర్చుని బిగించిన కంప్యూటర్ ఇలా మొండికేస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మర్నాడు దాన్ని దుకాణానికి మోసుకెళ్తే వినిపించే తీర్పు తరచూ ఒకటే: బోర్డు పోయింది, మార్చాలి.

ఆ తీర్పు కొన్నిసార్లు నిజమే. కానీ కారణం అంతకంటే చాలా చిన్నది అయ్యే సందర్భాలే ఎక్కువ. స్లాట్‌లో పూర్తిగా దిగని ర్యామ్, తగిలించడం మరిచిపోయిన ఒక కేబుల్, తప్పు చోట గుచ్చిన మానిటర్ వైరు, చిన్న నాణెమంత బ్యాటరీ. వీటిని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు, లేదా బ్యాటరీ ఖరీదే ఖర్చు. పద్ధతి తెలియకపోతే మాత్రం బాగున్న మదర్‌బోర్డు చెత్తలోకీ, వేల రూపాయలు దుకాణం గల్లాలోకీ చేరతాయి. హార్డ్ డిస్కులోని పెళ్లి ఫోటోలు, దుకాణం లెక్కలు, పరిశోధన పత్రాలు కూడా ప్రమాదంలో పడతాయి. 2025 చివరి నెలల్లో మెమరీ చిప్‌ల ధరలు ప్రపంచమంతటా భగ్గుమన్నాక, 'ర్యామ్ మార్చి చూద్దాం' అని తేలిగ్గా అనే రోజులు కూడా పోయాయి.

ఎవరి బాధ్యత?

ఇంట్లో కంప్యూటర్ బిగించుకోగలగడమే ఒక చారిత్రక విచిత్రం. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు తొందరలో బయటి కంపెనీల భాగాలే వాడింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది. పైగా యంత్రం లోపలి నిర్మాణాన్ని వివరించే సాంకేతిక గ్రంథాన్ని కూడా అమ్మకానికి పెట్టింది. దాంతో అదే నమూనాలో యంత్రాలు చేసే కంపెనీలు పుట్టుకొచ్చాయి. విడిభాగాల కొలతలు, సాకెట్లు అందరికీ ఒకటే అయ్యాయి. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం బోర్డు, కేబినెట్, పవర్ సప్లై ఎలా ఉండాలో నిర్దేశించింది. కొద్దిపాటి మార్పులతో నేటికీ అదే నడుస్తోంది.

దాని ఫలితమే మన అసెంబుల్డ్ కంప్యూటర్. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబైలో లామింగ్టన్ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. 1990ల చివర, 2000ల తొలినాళ్లలో ఈ బజార్లే మధ్యతరగతి ఇళ్లకు కంప్యూటర్‌ను పరిచయం చేశాయి. బ్రాండెడ్ యంత్రం ధరకు జంకిన తండ్రి, ఇంజనీరింగ్ చదివే కొడుకు కోసం అసెంబుల్డ్ యంత్రం కొన్నాడు. తర్వాత ల్యాప్‌టాప్‌లు వచ్చి ఆ గిరాకీని చాలావరకు ఎత్తుకుపోయినా, ఆటల ప్రియులు, వీడియో ఎడిటర్లు, యానిమేషన్ విద్యార్థులు ఇప్పటికీ విడిభాగాలే కొని బిగించుకుంటున్నారు.

ఇందులో ఒక మెలిక ఉంది. బ్రాండెడ్ యంత్రం చెడితే దాన్ని అమ్మిన కంపెనీ ఒక్కటే జవాబుదారీ. సొంతంగా బిగించుకున్న దానికి అలా కాదు. ప్రాసెసర్‌కు ఒక కంపెనీ వారంటీ, బోర్డుకు మరొకటి, ర్యామ్‌కు ఇంకొకటి. చెడింది తమ భాగమేనని తేలితే తప్ప ఎవరూ మార్చి ఇవ్వరు. అది తేల్చాల్సింది యజమానే. అంటే రోగి బంధువే వైద్యుడు కూడా కావాలి.

తొలి క్షణాల్లో ఏం జరుగుతుంది?

ఆ వైద్యానికి కావాల్సిన మొదటి జ్ఞానం, బటన్ నొక్కిన తర్వాత యంత్రం లోపల జరిగే పనుల వరుస. ఒకటి పూర్తయితేనే మరొకటి మొదలవుతుంది.

ప్లగ్గు పెట్టి, వెనక ఉన్న స్విచ్చు వేయగానే, కంప్యూటర్ ఆన్ కాకముందే పవర్ సప్లై, అంటే మన బజారు భాషలో ఎస్‌ఎంపీఎస్, బోర్డుకు 5 వోల్టుల సన్నటి విద్యుత్తును పంపుతూ ఉంటుంది. బటన్ నొక్కడమంటే బోర్డు మీద రెండు సూదులను క్షణకాలం కలపడమే. ఆ సంకేతం అందుకున్న బోర్డు ఎస్‌ఎంపీఎస్‌ను నిద్రలేపుతుంది. అది 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు మొదలుపెట్టి, అన్నీ నిలకడగా ఉన్నాయని చూసుకున్నాక, సెకనులో పదో వంతు నుంచి సగం లోపు 'అంతా బాగుంది' అనే సంకేతం పంపుతుంది. అది అందేదాకా ప్రాసెసర్ కదలదు.

అప్పుడు ప్రాసెసర్ కళ్లు తెరిచి, బోర్డు మీది ఒక చిన్న చిప్‌లో ఉండే బయోస్ అనే ప్రోగ్రామ్ చదవడం మొదలుపెడుతుంది. ఈ రోజుల్లో దాని ఆధునిక రూపం పేరు యూఈఎఫ్ఐ. అది తొలుత ప్రాసెసర్‌ను, తర్వాత మెమరీని, ఆ తర్వాత తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్‌ను, చివరికి డిస్కును వరుసగా పలకరిస్తుంది. ఈ హాజరు పట్టీనే పోస్ట్ అంటారు. అందరూ పలికితే విండోస్‌కో లైనక్స్‌కో పగ్గాలు అప్పగిస్తుంది.

ఒక్క మాట గమనించాలి. గ్రాఫిక్స్ వంతు వచ్చేదాకా తెర మీద ఏమీ కనిపించే అవకాశమే లేదు. అంటే తెర నల్లగా ఉందంటే మానిటర్ చెడిందని కాదు. అంతకుముందు పిలిచిన వారిలో ఎవరో పలకలేదన్నమాట. ఎవరు పలకలేదన్నదే ప్రశ్న.

'ఆన్ కావడం లేదు' అంటే నాలుగు అర్థాలు

కంప్యూటర్ ఆన్ కావడం లేదని ఎవరైనా అంటే అనుభవజ్ఞుడైన మెకానిక్ ముందు అడిగేది 'ఎలా కావడం లేదు?' అనే. దానికి నాలుగు జవాబులుంటాయి. నాలుగింటికీ మందు వేరు.

మొదటిది, అసలు చలనమే లేకపోవడం. ఫ్యాను తిరగదు, దీపం వెలగదు. అనుమానం మొత్తం కరెంటు మార్గం మీదే. గోడ సాకెట్‌లో వేరే పరికరం పెట్టి చూడాలి. యూపీఎస్‌ను పక్కనపెట్టి నేరుగా గోడకు తగిలించాలి. ఎస్‌ఎంపీఎస్ వెనక ఉన్న చిన్న స్విచ్చు వేసి ఉందో లేదో చూడాలి. కొత్తగా బిగించిన వాటిలో కేబినెట్ బటన్ నుంచి వచ్చే సన్నటి జంట తీగను బోర్డు మీద పక్క సూదులకు తగిలించడం చాలా మామూలు. ఆ తీగను తీసేసి, బోర్డు పుస్తకంలో చూపిన రెండు పవర్ సూదులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపితే, యంత్రం లేచిందంటే తప్పు బటన్‌ది లేదా తీగది. బోర్డుకు వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌ను బోర్డు నుంచి తీసి, దాంట్లోని ఆకుపచ్చ తీగను ఏదైనా నల్ల తీగతో పేపర్ క్లిప్‌తో కలిపి ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించే పద్ధతి కూడా ఉంది. తీగలన్నీ నల్లగా ఉండే కొత్త మోడళ్లలో ఏ పిన్ను ఏదో పుస్తకం చూసి పోల్చుకోవాలి. ప్లగ్గు తీసి ఉన్నప్పుడే క్లిప్ పెట్టాలి. అయితే ఈ పరీక్షలో ఫ్యాను తిరిగినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ ఆరోగ్యంగా ఉందని కాదు. బరువు మోయకుండా నిలబడగలిగిందని మాత్రమే.

రెండోది, లేచి వెంటనే పడిపోవడం. ఒక్క క్షణం ఫ్యాన్లు కదిలి ఆగిపోతే ఎక్కడో విద్యుత్తు అడ్డదారి పట్టిందని, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం. బోర్డును కేబినెట్ లోహపు పలకకు తగలకుండా ఎత్తిపట్టే ఇత్తడి మరల్లో ఒకటి రంధ్రం లేని చోట మిగిలిపోయి, బోర్డు వీపును తాకుతూ ఉండొచ్చు. జారిపడిన స్క్రూ ఒకటి కింద చిక్కుకుని ఉండొచ్చు. ప్రాసెసర్ మీది కూలర్ సరిగా కూర్చోకపోతే వేడి పెరిగి యంత్రం ఆరిపోతుంది. కూలర్ అడుగున ఉండే పారదర్శక ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించేవారూ లేకపోలేదు.

మూడోది అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. అన్నీ తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఇక్కడ ముందు చూడాల్సింది ప్రాసెసర్‌కు విడిగా వెళ్లే 4 లేదా 8 పిన్నుల కేబుల్. పెద్ద కనెక్టర్ తగిలించామన్న ధీమాతో బోర్డు పై మూలన ఉండే దీన్ని మరిచిపోతారు. ఫ్యాన్లు తిరుగుతాయి కానీ ప్రాసెసర్‌కు అన్నం అందదు. తర్వాత మానిటర్ కేబుల్. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు కేబుల్ దాని వెనకే గుచ్చాలి, బోర్డుకు కాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా దాంట్లోంచి బొమ్మ రాదు. ఆపైన ర్యామ్. రెండు పక్కలా గట్టిగా నొక్కి, గొళ్లెం 'టిక్'మని పడిందాకా వదలకూడదు. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో రెండే ర్యామ్‌లు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టమని చాలా కంపెనీలు చెబుతాయి.

పాత యంత్రమైతే మన బజారు మెకానిక్‌లందరికీ తెలిసిన చిట్కా ఉంది. ర్యామ్ తీసి, దాని బంగారు పూత అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టడం. ఇందులో మాయ లేదు. ఆ అంచు మీద చేరిన మురికి, తేమ వల్ల పేరుకున్న పొర పోతాయి, స్పర్శ కుదురుతుంది. గట్టిగా రుద్దితే పూత కూడా పోతుంది కనుక చేయి తేలిగ్గా ఉండాలి.

నాలుగోది, కంపెనీ బొమ్మ కనిపించి అక్కడే ఆగిపోవడం. ఇది ఒక రకంగా శుభవార్త. ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్ హాజరు పలికినట్టే. సమస్య డిస్కు దగ్గరో, విండోస్ దగ్గరో ఉంది. బయోస్‌లోకి వెళ్లి డిస్కు పేరు కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపించకపోతే కేబుల్, కనిపిస్తే దేని నుంచి మొదలవ్వాలన్న వరుస. ప్రతిసారీ తేదీ, సమయం పాత కాలానికి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 అనే 3 వోల్టుల నాణెం బ్యాటరీ ఖాళీ అయిందని అర్థం. డిస్కు టకటకమని శబ్దం చేస్తుంటే మాత్రం మరమ్మతు ఆలోచన మానేసి ముందు అందులోని సమాచారం వేరేచోటికి తీసుకోవాలి.

యంత్రం మాట్లాడే భాష

తెర లేనప్పుడు మాట్లాడటానికి యంత్రానికి మరో నోరు ఉంది. పాత రోజుల్లో అది కేబినెట్‌లోని చిన్న స్పీకర్. ఒక్క చిన్న 'బీప్' అంటే అంతా క్షేమం. అవార్డ్ బయోస్ ఉన్న బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లంటే గ్రాఫిక్స్ సమస్య. కంపెనీని బట్టి ఈ భాష మారుతుంది కనుక బోర్డు పుస్తకం చూసే అర్థం తీయాలి. ఇప్పటి కేబినెట్లలో చాలావాటికి స్పీకర్ రాదు. బదులుగా అనేక బోర్డుల మీద నాలుగు చిన్న దీపాలుంటాయి. ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్, బూట్. ఒక్కొక్కటీ వెలిగి ఆరుతూ పోతాయి. ఏది ఆరకుండా నిలిచిపోయిందో ఆ భాగం దగ్గరే హాజరు ఆగింది. కేబినెట్ రంగుల దీపాల కంటే ఆవగింజంత ఉండే ఈ దీపాలనే ముందు చూడాలి.

ఓపిక కూడా ఒక పనిముట్టే. డీడీఆర్5 మెమరీతో వచ్చిన కొత్త బోర్డులు, ముఖ్యంగా 2022లో వచ్చిన ఏఎండీ ఏఎం5 తరానివి, తొలిసారి ఆన్ చేసినప్పుడు మెమరీతో లయ కుదుర్చుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోగలవు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. చెడిపోయిందనుకుని మధ్యలో స్విచ్చు ఆపితే కథ మళ్లీ మొదటికొస్తుంది. కొత్త యంత్రాన్ని ఆన్ చేసి పది నిమిషాలు వదిలేసి టీ తాగి రావడం మంచి సలహా.

ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కటే పెట్టి

ఇవేవీ ఫలించకపోతే మిగిలింది విడదీసి చూడటం. పేరున్న మెకానిక్‌లు చేసేదీ ఇదే. ప్లగ్గు తీసేసి, బోర్డును కేబినెట్ నుంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పరుస్తారు. ప్రాసెసర్, కూలర్, ఒకే ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, బొమ్మ కోసం గ్రాఫిక్స్. అంతే. డిస్కులు, ప్రింటర్లు, పెన్‌డ్రైవ్‌లు, ముందువైపు వైర్లు అన్నీ పక్కకు. ఇలా లేచిందంటే తప్పు పక్కన పెట్టిన వాటిలోనో, కేబినెట్‌లోనో ఉంది. లేవకపోతే తప్పు ఈ కొద్దింటిలోనే. ఒక్క దెబ్బతో అనుమానితుల జాబితా సగానికి తగ్గింది. ఇక ర్యామ్ మార్చి మార్చి, స్లాట్ మార్చి మార్చి చూడాలి.

ఈ పద్ధతికి ఒకే నియమం ఉంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ర్యామ్, కేబుల్, బయోస్ మూడూ ఒకేసారి మార్చాక యంత్రం లేస్తే సంతోషమే కానీ, ఏది మందో తెలియదు. రేపు మళ్లీ పడిపోతే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. చేసిన ప్రతి పనీ కాగితం మీద రాసుకోవడం అతిగా అనిపించవచ్చు. మూడో గంట గడిచేసరికి ఆ కాగితమే కాపాడుతుంది.

బయోస్ పాత అమరికలను మరిచిపోయేలా చేయడం మరో సులువైన అడుగు. కరెంటు తీసేసి, నాణెం బ్యాటరీని కొద్ది నిమిషాలు బయటికి తీస్తే చాలు. మెమరీ వేగం పెంచబోయి యంత్రాన్ని పడుకోబెట్టిన చాలా కేసులు దీంతోనే కుదుటపడతాయి.

ఒక్కటి మాత్రం చేయకూడదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను విప్పకూడదు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా అందులోని పెద్ద కెపాసిటర్లలో ప్రాణం తీయగల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అది చెడిందనిపిస్తే మార్చడమే తప్ప లోపల వేలు పెట్టడం వద్దు.

తప్పు మనది కానప్పుడు

ప్రతి లోపమూ బిగించినవాడి చేతిదే కాదు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ భారత్‌తో సహా ఆసియా దేశాల్లో లెక్కలేనన్ని కంప్యూటర్లను పడగొట్టింది. తైవాన్ విద్యార్థి ఒకడు రాసిన ఆ ప్రోగ్రామ్ డిస్కు మొదటి భాగాన్ని తుడిచేయడంతో ఆగకుండా, వీలైన చోట బయోస్ చిప్‌లో చెత్త రాసింది. బటన్ నొక్కితే చదవడానికి ప్రాసెసర్‌కు మొదటి వాక్యమే లేకుండా పోయింది. బోర్డు పోయిందని పారేసినవారు ఎందరో. నిజానికి చిప్‌ను తీసి మళ్లీ రాయిస్తే సరిపోయేది.

2000ల తొలినాళ్లలో ఇంకో తెగులు వచ్చింది. బోర్డుల మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు రెండుమూడేళ్లకే పైభాగం ఉబ్బి, గోధుమరంగు ద్రవం కక్కడం మొదలుపెట్టాయి. లోపలి ద్రావణం సరిగా కుదరక, అందులోని నీరు అల్యూమినియంతో చర్య జరిపి వాయువు పుట్టడమే కారణం. ఒక కంపెనీ నుంచి ఫార్ములాను అరకొరగా దొంగిలించడం వల్లే ఇలా జరిగిందన్న కథనం అప్పట్లో ప్రచారమైంది. దెబ్బ చిన్న కంపెనీలకే పరిమితం కాలేదు. లోపమున్న ఆప్టిప్లెక్స్ యంత్రాల మరమ్మతులకు డెల్ కంపెనీ 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. అటకెక్కిన పాత యంత్రాన్ని దించితే ముందుగా ప్రాసెసర్ చుట్టూ ఉన్న ఆ డబ్బాల తలలు చదునుగా ఉన్నాయో ఉబ్బాయో చూడటం ఇప్పటికీ మంచి అలవాటే.

2018 ఫిబ్రవరిలో మరో రకం తంటా. ఏఎండీ కొత్త రైజెన్ ప్రాసెసర్లు పాత బోర్డుల్లో చక్కగా సరిపోయేవి, కానీ దుకాణంలో నెలల తరబడి ఉన్న బోర్డుల బయోస్‌కు వాటి పేరే తెలియదు. బయోస్ కొత్తది ఎక్కించాలంటే యంత్రం ఆన్ కావాలి, ఆన్ కావాలంటే బయోస్ కొత్తది కావాలి. పిచ్చి కుదిరితే పెళ్లి, పెళ్లయితే పిచ్చి కుదురుతుందన్నట్టు తయారైంది పరిస్థితి. చివరికి ఏఎండీయే కొనుగోలుదారులకు తాత్కాలికంగా పాత ప్రాసెసర్లు అరువిచ్చింది. ఇప్పుడు చాలా బోర్డులకు పెన్‌డ్రైవ్‌తో, ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చే సదుపాయం ఉంది. కొనేముందు అది ఉందో లేదో అడగాలి.

అన్నిటికంటే పెద్ద గుణపాఠం 2024 నాటిది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో ఆటలు మధ్యలో కూలిపోయాయి. వీడియో మెమరీ చాలడం లేదని తెర మీద సందేశం వచ్చేది. సహజంగానే నింద గ్రాఫిక్స్ కార్డు మీద పడింది. అసలు దోషి ప్రాసెసర్. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల కొన్ని చిప్‌లు క్రమంగా దెబ్బతింటున్నాయని ఇంటెల్ ఒప్పుకుంది. ఆ ఏడాది ఆగస్టు నుంచి దిద్దుబాటు బయోస్‌లు వచ్చాయి. వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను మాత్రం ఏ దిద్దుబాటూ బాగుచేయలేదు. యంత్రం చెప్పే మాటను వినాలి, కానీ అక్షరాలా నమ్మకూడదు.

మన ఇళ్ల కరెంటు, మన ఊళ్ల ధూళి

విదేశీ పుస్తకాల్లో దొరకని కారణాలు కొన్ని మన దగ్గర ఉన్నాయి. మొదటిది ఎర్తింగ్. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. అలాంటి చోట కేబినెట్‌ను వేలితో తాకితే జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్‌లో అవాంతర తరంగాలను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఎర్త్ లేనప్పుడు కేబినెట్‌ను దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుస్తాయి. ప్రవాహం అతి స్వల్పం కనుక సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. కానీ ఆన్‌లో ఉన్న యంత్రానికి మరో పరికరం కేబుల్ గుచ్చిన క్షణంలో పోర్టులు దెబ్బతినడానికి ఇదో కారణం. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవడం మేలు.

రెండోది యూపీఎస్. కరెంటు పోయిన మరుక్షణం యంత్రం ఆరిపోతోందంటే కంప్యూటర్‌ను అనుమానించే ముందు యూపీఎస్ బ్యాటరీ వయసు చూడాలి. మూడోది వాతావరణం. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి కనెక్టర్లను తుప్పు పట్టిస్తుంది. మిగతా చోట్ల ధూళి కూలర్ రెక్కల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. వెచ్చదనం కోసం దూరిన బల్లి, కాపురం పెట్టిన చీమలు, వైర్లు కొరికిన ఎలుక, ఇవి కూడా మన మెకానిక్‌ల అనుభవంలో భాగమే.

దుకాణానికి వెళ్లాల్సి వస్తే

అన్నీ చేసినా ఫలితం లేకపోతే వెళ్లక తప్పదు. కానీ ఖాళీ చేతులతో కాదు. ఏ దీపం దగ్గర ఆగింది, ఏమేం మార్చి చూశారు అనేది రాసిన కాగితం తీసుకెళ్లాలి. తెలిసిన కస్టమర్‌కు ఎవరూ గుడ్డి తీర్పు చెప్పరు. సొంత సమాచారమున్న డిస్కును ఇంట్లోనే తీసి ఉంచుకోవడం భద్రం. ప్రతి భాగం సీరియల్ నంబర్‌ను ఫోన్‌తో ఫోటో తీసుకుంటే, బాగున్న భాగం మారిపోయిందేమోనన్న అనుమానానికి తావుండదు. బోర్డు సాకెట్‌లోని సన్నటి సూదులు వంగి ఉంటే కంపెనీలు సాధారణంగా వారంటీ నిరాకరిస్తాయి. కనుక ఇచ్చేముందు సాకెట్ ఫోటో కూడా తీయాలి. బోర్డు పోయిందంటే, అది ఎలా తేలిందో చూపించమని అడగడం కస్టమర్ హక్కు.

వారంటీ ఉన్నా మొండిచేయి చూపితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబర్‌లో కంపెనీల మరమ్మతు వివరాలను ఒకచోట చేర్చే పోర్టల్‌ను ప్రారంభించింది. నిజంగానే చచ్చిన బోర్డును చెత్తబుట్టలో వేయడం కూడా తగదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు దాన్ని రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యతను ఉత్పత్తిదారులపై పెట్టాయి.

ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో భాగాలన్నీ జిగురుతో అతికించి, విప్పితే విరిగేలా తయారుచేస్తున్న కాలమిది. సామాన్యుడు స్క్రూడ్రైవర్ పట్టుకుని తప్పెక్కడుందో తానే వెతికి పట్టుకోగల యంత్రాలు తక్కువే మిగిలాయి. ఇంట్లో బిగించిన కంప్యూటర్ వాటిలో ఒకటి. దానికి ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. వరుస తెలిస్తే చాలు. బోర్డు పుస్తకం, మంచి వెలుతురు, ఒక గంట ఓపిక చేతిలో ఉంటే చాలా ఇళ్లలో పర్సు జేబులోనే ఉండిపోతుంది.